నా కొలతకు కుట్టిన క్యారియర్

క్యారియర్ కొనమని మా చెల్లి ఫోన్‌లో చెప్పినప్పుడు, పక్కనే కూర్చున్న మా ఆయన, "ఎందుకు, విమానంలో అన్నం పెట్టరా?" అన్నారు. ఆయనకు తెలిసిన క్యారియర్ ఒక్కటే, రోజూ పనికి పట్టుకెళ్లేది. చెల్లి చెప్పింది పిల్లవాణ్ణి ఒంటికి కట్టుకుని ఎత్తుకునే సంచి గురించి. అది విప్పి చెప్పాక, "చేతులున్నాయిగా ఎత్తుకోడానికి" అన్నారు. వాణ్ణి ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చి నడుం పట్టుకునేది ఆయనే, ఆ మాటన్నదీ ఆయనే.

పిల్లవాడు చెల్లి కొడుకు. మేం బండోడు అంటాం. ఎందుకలా అంటారని ఒకసారి ఎత్తుకున్నవాళ్లెవరూ అడగలేదు. వాడు పాలు మానగానే చెల్లి, మరిది ఉద్యోగాల కోసం పరాయి దేశం వెళ్లారు. చెల్లి నర్సు. వాళ్లకిచ్చిన ఒంటిగది క్వార్టర్లో పిల్లలను ఉంచుకోనివ్వరు, పైగా డ్యూటీ పగలో రాత్రో ముందురోజు దాకా తెలియదు. "కొన్నాళ్లు చూసుకో అక్కా" అంది. ఆ కొన్నాళ్లు ఏడాది దాటాయి. ఇప్పుడు వేరే ఇల్లు దొరికింది, పగటి డ్యూటీ ఇచ్చారు. పిల్లవాణ్ణి తెచ్చి అప్పజెప్పమంటోంది. వాళ్లిద్దరికీ సెలవు దొరకదు కాబట్టి నేనే తీసుకెళ్లాలి, వారం తిరక్కుండా వెనక్కి రావాలి. మా షెడ్డులో అంతకన్నా సెలవివ్వరు.

మాకు పిల్లలు లేరు. ఈ మాట వినగానే జాలి మొహం పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట, అందుకని ఇంతటితో వదిలేస్తున్నాను.

ప్రయాణం ఖాయమైన రోజు నుంచీ నాకు ఒకటే బెంగ. విమానం అంతసేపు గాల్లో ఉంటే వీడు ఊరుకుంటాడా అన్నది ఒకటి. ఇంట్లోనే పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోడు. అంతకన్నా పెద్ద బెంగ దిగాక ఏమవుతుందోనని. వాడు నన్ను 'దమ్మా' అంటాడు, పెద్దమ్మ అనడం చేతకాక. 'అమ్మ' అని మాత్రం స్పష్టంగా అంటాడు, కానీ అనేది ఫోన్‌ని. రోజూ అందులో వాళ్లమ్మ కనిపిస్తుంది కాబట్టి వాడి లెక్కలో ఆ వస్తువు పేరే అమ్మ. దానికి ముద్దు పెడతాడు, తువ్వాలు కప్పి జోకొడతాడు. మొదటిసారి అది చూసి చెల్లి పడీ పడీ నవ్వింది. తర్వాత ఎప్పుడు చూసినా నవ్వలేదు.

"వాడు నా దగ్గరికి రాకపోతే ఏం చెయ్యాలక్కా?" అని ఓరోజు అడిగింది.

"రాకేం చేస్తాడు, కన్నతల్లివి" అన్నాను. ఫోన్లో ఇలాంటివి చెప్పడం సులువు.

"వాడికేం తెలుసు కన్నానని? మా వార్డులో ఒకావిడ చెప్పింది. వాళ్ల బాబునీ ఇలాగే అత్తగారు తీసుకొచ్చారట. అత్తగారు సంచిలో వేసుకుని పడుకోబెట్టడం ముందే అలవాటు చేసిందట, దిగాక అదే సంచి ఈవిడ కట్టుకుందట. ఆ సంచీ అదే, ఆ వాసనా అదే. మనిషి మారినా బాబు పెద్దగా పట్టించుకోలేదంట. నువ్వూ అలాగే అలవాటు చెయ్యి. మనిద్దరికీ పట్టేది చూసి తీసుకో, సరేనా?"

సరేనన్నాను. ఆ సంచి మీదే మా చెల్లి ప్రాణాలు పెట్టుకుందని నాకు అప్పుడే తెలుసు.

నేను బ్యాగులు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. స్కూలు బ్యాగులు, ప్రయాణం బ్యాగులు, పనిముట్లు పెట్టుకునే సంచులు, అన్నీ నా మెషిను కిందకు వస్తాయి. ఈ పనిలో పడ్డాక ఏ బ్యాగునీ మామూలు మనిషిలా చూడలేను. బస్సులో ముందు నిలబడ్డవాడి భుజానికి వేలాడే సంచి పట్టీ ఎక్కడ తెగుతుందో చెప్పేయాలని నోరు దురద పెడుతుంది. అలాంటిదాన్ని పిల్లల సామాను దుకాణానికి వెళ్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రతిదాన్నీ తిరగేశాను, లోపలి కుట్లు చూశాను, పట్టీలు రెండు చేతులా పట్టుకుని లాగాను. దుకాణం అమ్మాయి కాసేపు ఓపిక పట్టి, "మేడమ్, మీరు కొనడానికి వచ్చారా, తనిఖీకి వచ్చారా?" అంది.

మొదట పొడుగాటి గుడ్డ చూపించింది. దాన్ని ఒంటికి అటు తిప్పి ఇటు తిప్పి ముడేసుకోవాలట. వెంట వచ్చిన మా ఆయనకు చుట్టి చూశాను. ఆస్పత్రిలోంచి పారిపోయి వచ్చినవాడిలా తయారయ్యారు. విమానం కుదుపుల్లో ఆ ముడి వదులైతే అన్న ఆలోచన రాగానే పక్కన పెట్టేశాను. తర్వాత ఒంటి భుజానికి వేసుకునేది. బండోడి బరువుకి అది వేసుకుంటే దిగేసరికి నేను ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటాను. ఇనప చట్రంతో వీపుకి తగిలించుకునేది ఒకటుంది. దాన్ని విమానంలోకి రానివ్వరు, రానిచ్చినా నా వెనకాల వాడేం చేస్తున్నాడో నాకెలా తెలుస్తుంది? చివరికి నడుముకి వెడల్పాటి బెల్టు, భుజాలకు రెండు పట్టీలు, క్లిప్పులు ఉన్నది మిగిలింది. గుడ్డ మందంగా ఉంది, కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పట్టీలు మాత్రం కాస్త జారుడుగా అనిపించాయి. దానికే ఒప్పుకున్నాను.

"అమ్మయ్య" అన్నారు మా ఆయన. దుకాణం అమ్మాయి కూడా అనుకునే ఉంటుంది.

ఇంటికి తెచ్చి వాణ్ణి అందులో వేస్తే మొదటి రోజు కాళ్లు చేతులు కొట్టుకుని ఇల్లు పీకి పందిరేశాడు. రెండో రోజు ముక్కు నా గుండెలకేసి రాసుకుని నిద్రపోయాడు. ఆ తర్వాత సంచి కొక్కేనికి కనిపిస్తే చాలు, "ఎక్కుతా" అని చేతులు చాచేవాడు. సంగతేమిటంటే, నేను నడుస్తున్నంతసేపే నిద్ర. కూర్చున్నానా, కళ్లు తెరిచేస్తాడు. విమానం అంటేనే కూర్చోవడం కదా. వంటింట్లోంచి వీధి గదిలోకి, వీధి గదిలోంచి వంటింట్లోకి తిరుగుతూ అదే ఆలోచించేదాన్ని. తిరిగి తిరిగి మెల్లగా కుర్చీలో దిగడం, లేస్తే మళ్లీ తిరగడం. రానురాను వాడు కాస్త దారికొచ్చాడు.

ఒకరోజు సాయంత్రం అలా తిరుగుతుండగా ఎడమ భుజం పట్టీ జారింది. ఊడిపోలేదు, కొద్దిగా కిందకు దిగిందంతే. వాడి బరువు ఒక్కసారి ఒక పక్కకు వచ్చేసింది. రెండు చేతులతో వాణ్ణి అదిమి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వాడు హాయిగా నిద్రపోతూనే ఉన్నాడు, నాకు మాత్రం ఆ తర్వాత కన్ను మూస్తే చాలు, విమానంలో పట్టీ జారడమే కనిపించేది.

మా షెడ్డులో జారే పట్టీకి మందు ఒక్కటే. ఎంత పొడవు కావాలో అక్కడ పట్టుకుని, మిగిలిన కొసను వెనక్కి మడిచి, అడ్డంగా కుట్లు వేసేస్తాం. క్లిప్పు జారొచ్చు గానీ కుట్టు జారదు. మర్నాడు సంచి షెడ్డుకి తీసుకెళ్లి, మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక పెద్ద మెషిను మీద పెట్టాను. ఒంటికి కట్టుకుని సరిచూసుకుని భుజం పట్టీలు రెండూ, నడుం బెల్టూ నా కొలతకు బిగించి కుట్టేశాను. ఒకసారి కుట్టి, దాని మీద ఇంకోసారి కుట్టాను. ఇసుక సంచి వేసి పైకెత్తి ఊపితే వెంట్రుకవాసి కదల్లేదు. చాలా రోజుల తర్వాత ఆరోజు కడుపునిండా తిన్నాను.

మా ఆయన దాన్ని తిరగేసి చూసి, "ఇక నేను ఎత్తుకోవాలంటే?" అన్నారు.

"మీరెక్కడికొస్తున్నారు విమానంలో?"

ఆయన ఇంకేదో అనబోయి, నా మొహం చూసి, సంచి మళ్లీ కొక్కేనికి తగిలించారు.

విమానంలో మాది నడవ పక్క సీటు. వాడు ఎక్కేముందే నిద్రపోయాడు. నా అంత తెలివైనది లేదనుకుంటూ మెల్లగా కూర్చున్నానో లేదో ఎయిర్‌హోస్టెస్ వచ్చి వంగింది. "మేడమ్, పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు బాబు క్యారియర్‌లో ఉండకూడదు. బయటకు తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఈ చిన్న బెల్టు పెట్టండి."

"ఇప్పుడే పడుకున్నాడమ్మా. ఇది జారదు, నేనే కుట్టాను."

"రూల్ మేడమ్" అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఇన్నాళ్లూ పట్టీ గురించి కుట్టు గురించి చచ్చిపోయాను గానీ ఈ సంగతి ఎవర్నీ అడగాలని తోచలేదు. వాణ్ణి బయటకు తీశాను. వాడు లేచాడు, లేచి ఎత్తుకున్న రాగం విమానం మబ్బుల్లోకి వెళ్లినా ఆపలేదు. చెవులు నొప్పేమోనని నీళ్లు తాగించాను, నీళ్లు నా మీద ఉమ్మాడు. పక్క సీటాయన కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటించాడు. సీటు బెల్టు దీపం ఆరగానే వాణ్ణి సంచిలో వేసుకుని లేచాను.

ఇక అక్కణ్ణుంచి నడకే. భోజనాల బళ్లు వస్తే పక్కకు ఒదిగి, పోయాక మళ్లీ నడక. బాత్రూముకి కూడా వాణ్ణి కట్టుకునే వెళ్లాను. ఆ అగ్గిపెట్టెలో ఇద్దరం ఎలా పట్టామో, ఎలా బయటపడ్డామో తల్చుకోదలుచుకోలేదు. విమానం కుదిపినప్పుడల్లా నా చేతులు వాటంతటవే పట్టీల మీదకు పోయేవి. అవి చెక్కుచెదరలేదు. వాడు కదలకుండా మరీ ఎక్కువసేపు పడుకుంటే అదీ భయమే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. కాళ్లు పీకేస్తున్నా ఆ బరువు నాకు హాయిగానే ఉండేది. ఈ సీట్ల మధ్య ఇలా ఇంకా ఎంతసేపైనా తిరగగలను, దిగడమే వద్దనిపించింది ఒక దశలో.

దిగేముందు మళ్లీ బయటకు తీయడం, మళ్లీ రాగం. మొత్తానికి నేల మీద పడ్డాం.

అద్దం తలుపులు దాటగానే చెల్లి కనిపించింది. డ్యూటీ బట్టల మీదే వచ్చేసింది. ఫోన్లో ఎప్పుడూ మొహమే చూశాను, మనిషి ఇంత ఒళ్లు చేసిందని నాకు తెలియదు. పరిగెత్తుకొచ్చి, మా దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. ఎక్కడ ముట్టుకుంటే ఏమవుతుందోనన్నట్టు ఫోన్‌తో సహా రెండు చేతులూ గుండెలకు ఆనించుకుంది.

"బంగారం" అంది.

వాడు సంచిలోంచి తల తిప్పి ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత ఆమె చేతిలోని ఫోన్ చూశాడు. "అమ్మ" అన్నాడు, ఫోన్ కోసం చెయ్యి చాచి. చెల్లి ఇచ్చింది. దాన్ని ముద్దు పెట్టుకుని నా గుండెల మీద ఒరిగాడు. నేను నేల వైపు చూశాను. ఆ సమయంలో మా చెల్లి మొహం చూసే ధైర్యం నాకు లేదు.

తనే తేరుకుంది. మరిది డ్యూటీ అయ్యాక సరాసరి ఇంటికే వస్తాడట. మనం టాక్సీలో వెళ్దామంది. "సంచి ఇవ్వక్కా. ఇక్కడి నుంచే మొదలుపెడతా. రేపు ఎల్లుండి అనుకుంటే నువ్వు వెళ్లేరోజు వచ్చేస్తుంది."

గోడవారన కుర్చీల దగ్గరికి వెళ్లాం. బండోణ్ణి దింపి, సంచి విప్పి ఇచ్చాను. చెల్లి నడుం బెల్టు చుట్టుకుంది. వెనక రెండు కొసలూ కలవలేదు, మధ్యలో జానెడు ఖాళీ. ఊపిరి బిగబట్టి లాగింది. "లావైపోయాను కదూ" అని నవ్వబోయి, పట్టీ వదులు చేద్దామని కొస కోసం వెతికింది. ఆమె వేళ్లు కుట్టు మీద ఆగాయి.

"ఇదేంటక్కా, కుట్టేశావా?"

"జారుతుంటేనూ."

"నేను కట్టుకుంటానని చెప్పాను కదా."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు, కుట్టుని వేలితో తడుముతూ నిలబడింది. చెల్లి కట్టుకోవాలన్న సంగతి ఆ మధ్యాహ్నం మెషిను ముందు నాకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదో, రానివ్వలేదో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. పట్టీ వదిలేసి ఊరుకున్నా చెల్లి బిగించుకునేది, కొత్తది కొన్నా సరిపోయేది. ఒక్క నా ఒంటికి తప్ప లోకంలో ఇంకెవరికీ పట్టకుండా కుట్టి, అంత దూరం నుంచి మోసుకొచ్చాను.

"ఇటివ్వు" అన్నాను.

కత్తెర లేదు, ఎలాగూ లోపలికి రానివ్వరని ఇంట్లోనే వదిలేశాను. కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని జడపిన్ను తీశాను. కుట్టు కింద దూర్చి, దారం కొద్దిగా లేవగానే పళ్లతో కొరికాను. నా కుట్టు ఊడదని షెడ్డంతా చెప్పుకునే మనిషిని నేను. ఊడలేదు. ఒకదాని మీద ఒకటి రెండుసార్లు కుట్టిన చేతులను తిట్టుకుంటూ ఒక్కో పోగూ కొరికాను. చిగురు తెగి నోట్లో ఉప్పగా తగిలింది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు, చూడనీ. బండోడు నా మోకాలు పట్టుకుని నిలబడి, పెద్దమ్మ సంచిని ఎందుకు తింటోందో అర్థంకాక నోరు తెరుచుకుని చూశాడు.

"ఉండనీ అక్కా, ఇంటికెళ్లాక కత్తెరతో తీద్దాం" అంది చెల్లి.

"వద్దు" అన్నాను. ఇంటికెళ్లాక అంటే వాణ్ణి అక్కడిదాకా నేనే ఎత్తుకోవాలి. గుమ్మంలోకి వాడు నన్నే కరుచుకుని వెళ్తే, ఆ ఇల్లు కూడా వాడి లెక్కలో నాదే అవుతుంది. అది నాకు ఎంత ఇష్టమో నాకు తెలుసు కాబట్టే వద్దన్నాను.

నడుం బెల్టు వదిలింది. భుజాల పట్టీలు కూడా వదిలాయి. చెల్లికి కట్టి, వీపు మీద క్లిప్పు నేనే పెట్టాను. సంచి తయారవడం చూసి వాడు చేతులు చాచాడు. "ఎక్కుతా."

ఎత్తి అందులో వేశాను. పట్టీలు బిగించేదాకా వాడు అనుమానపడలేదు. ముక్కు మామూలుగా రాసుకోబోయి, తల వెనక్కి లాగి పైకి చూశాడు. ఆ పైన నేను లేను. అప్పుడు రాగం ఎత్తుకున్నాడు, విమానంలో ఎత్తుకున్నది దాని ముందు ఎందుకూ పనికిరాదు. "దమ్మా, దమ్మా" అని నా వైపు మొత్తం ఒంటితో ఒరిగిపోతున్నాడు. చెల్లి రెండు చేతులతో పట్టుకోలేక ఊగిపోతోంది, ఆమె కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"తీసెయ్ అక్కా. వాడికి నేనొద్దు."

"నడువు."

"నీ కోసం ఏడుస్తున్నాడు, కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది. నిలబడకు, నడువు. నడిస్తేనే ఊరుకుంటాడు. అటు చివరిదాకా వెళ్లు, మళ్లీ ఇటు రా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, ఫోన్లో మాట్లాడినట్టే. ఆ గొంతు వాడికి తెలుసు."

చెల్లి నడిచింది. వాడు ఆమె భుజం పక్కనుంచి మెడ సాచి నన్ను వెతుక్కుంటూనే ఉన్నాడు. నేను ఎదురుగా ఉన్నంతసేపూ వాడు ఊరుకోడు. సామాను అక్కడే వదిలేసి, పక్కనున్న లావుపాటి స్తంభం వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఏడుపు దూరమైంది, దగ్గరైంది, మళ్లీ దూరమైంది. మధ్య మధ్య చెల్లి గొంతు వినిపించింది, టాక్సీ గురించో, ఇంట్లో కొన్న చిన్న మంచం గురించో ఏదో చెబుతోంది. వాడు వెక్కిళ్లు పెడుతున్నాడు. ఆ వెక్కిళ్లు నాకు తెలిసినవే. వాటి తర్వాత నిట్టూర్పు వస్తుంది, దాని తర్వాత నిద్ర వస్తుంది. దేవుడా, ఊరుకోవాలి అనుకున్నాను. అలా అనుకుంటూనే, ఇంకొక్కసారి నా పేరు పెట్టి ఏడిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. రెండూ నేనే అనుకున్నాను.

చెల్లి ఒక్కసారి తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఈసారి ఏ చప్పుడూ లేదు, ఆమె చెప్పుల చప్పుడు తప్ప. పిలిస్తే వెళ్దామని స్తంభం వెనకాల నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.